పండ్రెండుగురి కొరకు వ్రాసిన జాబు

వాస్కో డ గామా యను పేరు వినని వారు మనలో అరుదు. క్రీ. శ. 1498వ సంవత్సరము మే నెలలో ఆఫ్రికా ఖండమును చుట్టి వచ్చి, మలబారు తీరమున కళ్ళికోట యొద్ద దిగిన పోర్చుగీసు నావికుడని చిన్ననాడు బడిలో మనమందరము వల్లించియే యున్నాము. అతడు రెండవమారు ఇటు వచ్చినప్పుడు, 1502లో, మక్కాయాత్ర ముగించుకొని మరలివచ్చుచున్న వారి యోడ నొకదానిని పట్టి, స్త్రీలును పిల్లలును అందుండగనే తగులబెట్టించెను. కావున ఆ పేరు మన చెవులకు ఇంపైనది కాదు.

అట్టి పేరును సముద్రముల కావల, దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశమున, రియో డి జనీరో నగరమున, వేలకొలది సామాన్య జనులు గొంతెత్తి జయధ్వానములతో పలుకుచుందురు. వారిలో రేవు కూలీలు కలరు, దుకాణముల గుమాస్తాలు కలరు, పూర్వము బానిసలుగా నుండినవారి మునిమనుమలు కలరు. వారు కొనియాడునది ఆ నావికుని కాదు. అతని పేరు పెట్టుకొన్న యొక కాలిబంతియాట సంఘమును. ఫుట్‌బాల్ అని మన పిల్లలు పిలుచు ఆటయే అది.

నేను ఆ నగరమును చూచినవాడను కాను. బంతియాటలో నేర్పు గలవాడనును కాను. చరిత్ర చదువుకొనుట మాత్రము నాకు వాడుక. ఈ సంఘము పుట్టు పూర్వోత్తరములు చదివినప్పుడు, ఇది ఆటగాండ్రకు మాత్రమే చెప్పవలసిన కథ కాదనియు, ఊరిలో నలుగురి తగవులు తీర్చు పెద్దలు వినదగిన కథ యనియు నాకు తోచినది. అందుచేత నేటి ప్రసంగమునకు దీనిని ఎన్నుకొంటిని.

మొదట ఆ దేశస్థితిని కొంచెము తెలిసికొందము. బ్రెజిల్ 1822 వరకు పోర్చుగల్ రాజులకు లోబడి యుండెను. చెరకు తోటలలోను, బంగారు గనులలోను, కాఫీ తోటలలోను పనిచేయించుటకై ఆఫ్రికా నుండి లక్షలకొలది మనుష్యులను ఓడలలో తెచ్చి అచ్చట అమ్మిరి. అమెరికా ఖండములలోని దేశము లన్నిటిలో కడపట బానిసత్వమును మానినది బ్రెజిలే. 1888వ సంవత్సరము మే 13వ తేదీన యువరాణి ఇసబెల్ చేవ్రాలుతో ఆ శాసనము వెలువడెను. బానిసలు విడుదలయైరి గాని, వారికి సాగుచేసికొన భూమి యిచ్చిన వారు లేరు, పిల్లలకు చదువు చెప్పించిన వారు లేరు. సంకెల ఊడెను, బీదతనము ఊడలేదు. వారు పట్టణములు చేరి, రేవులలో మూటలు మోసియు, గోడలకు సున్నములు వేసియు, బండ్లు తోలియు బ్రతుకుచుండిరి.

ఆ నగరమునకే పోర్చుగల్ నుండి మరియొక తెగవారు వచ్చుచుండిరి. వీరు పూర్వపు దొరల సంతతివారు కారు. పొట్ట చేతబట్టుకొని ఓడ యెక్కిన పల్లెటూరి బీదలు. పచారీ కొట్లలోను, రొట్టెల దుకాణములలోను ప్రొద్దు పొడిచినది మొదలు రాత్రివరకు పని చేయుచుండిరి. క్రమముగా కొందరు సొంత దుకాణములు పెట్టి ధనవంతులయిరి. అయినను రియోలోని గొప్ప కుటుంబములవారు వీరిని చూచి, పిసినారులనియు, మోటవారనియు నవ్వుచుండిరి. తమ్ము నవ్వు వారి నడుమ తలయెత్తి తిరుగుటకు ఏదో యొక సంఘము కావలె ననుకోరిక వీరికి కలుగుట సహజమే గదా!

1898వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన 62మంది కూడి ఒక పడవ పందెముల సంఘమును స్థాపించిరి. వాస్కో డ గామా భారతదేశమునకు త్రోవ కనుగొని నాలుగు వందల యేండ్లు నిండిన కాలమది. కావున ఆ పేరే పెట్టుకొనిరి. అనగా ఈ సంఘము పేరున మన దేశపు సముద్రతీరము పరోక్షముగ దాగియున్నది. వారి చిహ్నములో తెరచాప యెత్తిన యోడ నేటికిని కలదు. రియోలో నాడు తెడ్లతో పడవలు నడపు పందెములే గొప్ప వినోదము. ఫుట్‌బాల్ ఇంకను వ్యాపింపలేదు.

ఈ సంఘమువారు 1904లో చేసిన పని యొకటి చెప్పదగినది. ఆ సంవత్సరము వారు కాందిదో జోజె డి అరావుజో అను నతనిని తమ అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. అతడు మిశ్రమజాతివాడు. బానిసత్వము పోయి ఇంచుమించు పదునారేండ్లే యైన ఆ దినములలో, బ్రెజిల్ దేశపు ఆటల సంఘములలో తెల్లవాడు కాని మనుష్యుడు అధ్యక్షపీఠమున కూర్చుండుట అదియే మొదలని చెప్పుదురు. అతని యేలుబడిలోనే, 1905లో, పడవ పందెముల పోటీలో వారికి మొదటి విజేత బిరుదు లభించెను. తరువాత జరిగిన పెద్ద కథకు విత్తనము ఇచ్చటనే పడినదని నా యభిప్రాయము.

ఇక ఫుట్‌బాల్ సంగతి. ఈ ఆటను బ్రెజిల్ దేశమునకు తెచ్చినవారు ఇంగ్లీషు కుటుంబముల పిల్లలును, ఐరోపాలో చదివి వచ్చిన ధనికుల పిల్లలును. రియోలో 1902లో ఫ్లుమినెన్స్ అను సంఘము పుట్టెను. తరువాత బొతఫోగో, అమెరికా, ఫ్లమెంగో అను సంఘములు ఈ ఆటలో దిగెను. ఆట చూచుటకు స్త్రీలు పట్టు దుస్తులు ధరించియు, పురుషులు టోపీలు పెట్టుకొనియు వచ్చెడివారు. ఆటగాండ్రు వైద్యులు, న్యాయవాదులు, కళాశాల విద్యార్థులు. డబ్బు పుచ్చుకొని యాడుట నీచమని వారి నియమము. వినుటకు ఈ నియమము పవిత్రముగానే యున్నది. కాని విచారించి చూడుడు: కూలికి పోనియెడల ఆ పూట తిండి లేనివాడు ఏమియు పుచ్చుకొనక యెట్లాడగలడు? నియమము అందరికి నొక్కటియే. దాని బరువు మాత్రము బీదవాని మీదనే పడెను.

నల్లవారు ఆ మైదానములలో అడుగు పెట్టుట యెంత కష్టమో తెలియుటకు ఒక కథ చెప్పుదురు. 1914లో కార్లోస్ అల్బెర్తో అను మిశ్రమజాతి యువకుడు ఫ్లుమినెన్స్ జట్టులో చేరి, తన మేనిచాయను దాచుకొనుటకు ముఖమున వరిపిండి రాచుకొని ఆటకు దిగెననియు, చెమట పట్టగా పిండి కారిపోయి జనులు గేలి చేసిరనియు ఆ కథ. క్షౌరము తరువాత పిండి పూసికొనుట అతని వాడుక మాత్రమేనని ఆ సంఘమువారు చెప్పుదురు. ఏది యెట్లున్నను, వరిపిండి యను ఎగతాళి పేరు ఆ సంఘమునకు నిలిచిపోయెను. న్యాయముగ ఇంకొక మాటయు చెప్పవలెను. నగరపు పొలిమేరలో బంగూ అను చోట నొక బట్టల మిల్లు ఉండెను. దాని సంఘమువారు 1905లోనే ఫ్రాన్సిస్కో కర్రెగాల్ అను మిశ్రమజాతి నేతపనివానిని తమ జట్టులో నాడించిరి. కావున నల్లవారిని మొదట ఆడించినది వాస్కో సంఘమే యని చెప్పుట సరికాదు. వారి గొప్పతనము వేరొక చోట నున్నది.

వాస్కోవారు 1915 నవంబరులో ఫుట్‌బాల్ శాఖను తెరచిరి. 1916 మే 3వ తేదీన మొదటి ఆట ఆడి, పది గోళ్ళకు ఒక్క గోలుతో చిత్తుగ ఓడిరి. ఆ సంవత్సరము మూడవ తరగతి జట్లలో కూడ కడపటివారైరి. ఇట్టి యారంభము చూచి నవ్వనివా డెవడు? కాని ఆ దుకాణదారులు వ్యాపారము తెలిసినవారు. సరకు మంచిదైనచో ఏ యూరి సరకని అడుగువారు కారు. ఊరిచివర బీద పేటలలో, మట్టి మైదానములలో వట్టికాళ్ళతో ఆడు కుఱ్ఱవాండ్రను వెదకి తెచ్చిరి. నల్లవాడా, తెల్లవాడా యని చూడక, చదివినవాడా, కాడా యని అడుగక, బంతి వాని మాట వినునా లేదా యని మాత్రమే చూచిరి. మెట్టు మెట్టుగా ఎక్కి 1922లో క్రింది తరగతిలో గెలిచి, మరుసటి సంవత్సరము గొప్ప సంఘములతో సమానముగ పై తరగతిలో అడుగు పెట్టిరి.

1923వ సంవత్సరపు ఆ జట్టును గూర్చి కొంచెము వివరముగ చెప్పెదను. గోలు కాచు నెల్సన్ అద్దె మోటారు నడపువాడు. సెసి గోడలకు రంగులు వేయువాడు. నికొలీనో రేవులో సరకు దింపు కూలి. వారికి శిక్షకుడు యురుగ్వే దేశస్థుడైన రమోన్ ప్లతేరో. అతడు మిగిలిన సంఘములవారు ఎరుగని కట్టుదిట్టమైన సాధన పెట్టెను. ధనికుల పిల్లలు విలాసముగా వారమున కొన్ని గంటలు ఆడుకొనుచుండగా, ఇతడు తన వారిని నిత్యము పరుగెత్తించి, వేళకు తినిపించి, వేళకు పండుకొనబెట్టెను. ఆట తొంబది నిమిషములు గదా. మొదటి సగములో ఎదిరి జట్టు ముందుండినను, రెండవ సగమున వారు రొప్పుచుండగా వాస్కోవారు అప్పుడే బావి నుండి తోడిన నీటివలె తాజాగా ఉండెడివారు. అనేక విజయములు ఆ రెండవ సగములోనే లభించెను.

మరి వీరి జీవనమెట్లు? పోర్చుగీసు వర్తకులు తమ దుకాణముల లెక్కలలో వీరిని పనివారుగ చూపి, సాధనకు తీరిక కల్పించిరి. గెలిచిన దినమున బహుమానము ఇచ్చెడివారు. జీతమని పేరు పెట్టినచో నియమభంగము గనుక, ఆ దేశమున వ్యాపించియున్న జంతువుల బొమ్మల లాటరీ నుండి మాట యొకటి తీసికొని, దానిని బీషో అనగా జంతువు అనిరి. గెలుపునకు ఇచ్చు డబ్బును బ్రెజిల్ ఆటగాండ్రు నేటికిని ఆ మాటతోనే పిలుతురు. ఇందు కొంత మాయ యున్నదని నేను ఒప్పుకొందును. కాని ఆ మాయ వాస్కోవా రొక్కరిదే కాదు. తమకు కావలసిన ఆటగానికి చాటుగ ఉపకారము చేయు వాడుక ఇతరులకును కలదు.

నల్ల చొక్కాలు తొడిగి, రొమ్మున శిలువ గుర్తుతో ఈ జట్టు ఆటవెంట ఆట గెలుచుచు పోయెను. నగరమంతయు రెండు పాయలైనది. జులై 8వ తేదీన ఫ్లమెంగో వారు మూడు గోళ్ళకు రెండుతో వీరిని ఓడింపగా, గొప్ప సంఘములవారందరు కలసి పండుగ చేసికొనిరి. కాని ఆ సంవత్సరమంతటికి వారు ఓడినది ఆ యొక్క ఆటయే. పదునాలుగు ఆటలలో పదునొకండు గెలిచి, రెండు సమముగా ముగించి, వాస్కోవారు రియో నగరపు పందెమున ప్రథములైరి. రేవు కూలీలును, బండివాండ్రును న్యాయవాదుల కొడుకులను వారి మైదానములలోనే ఓడించిరి.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు, ఓడినవారు ఆటను విడిచి ఆటగాండ్ర పుట్టు పూర్వములు విచారింప మొదలిడిరి. 1924 మార్చి నెలలో ఫ్లుమినెన్స్, ఫ్లమెంగో, బొతఫోగో, అమెరికా మొదలైన సంఘములు పాత లీగు నుండి విడిపోయి అమెయా యను క్రొత్త సమాజమును స్థాపించిరి. దానికి అధ్యక్షుడు ఆర్నాల్దో గింలె. దేశమున కెల్ల మిక్కిలి ధనవంతులైన కుటుంబములలో ఒకదానికి చెందినవాడు. ఆ సమాజపు నియమము లివి: ఆటగానికి గౌరవమైన వృత్తి యుండవలెను, చేతికష్టముతో బ్రతుకువాడు, ఒకరి దయమీద బ్రతుకువాడు పనికిరాడు. ఆటగాడు చదువను వ్రాయను నేర్చియుండవలెను. సంఘమునకు తగిన సొంత మైదానముండవలెను.

పెద్దలారా, రెండవ నియమమును గూర్చి ఒక్క నిమిషము ఆలోచింపుడు. మా యూరి చావడిలో దస్తావేజుమీద బొటనవ్రేలి ముద్ర వేయునప్పుడు, నలుగురు చూచుచుందురని తలవంచుకొను ముసలివారిని నేను చిన్ననాట చూచితిని. పొలము దున్నుటలో వారిని మించినవారు లేరు. కాని కాగితము ముందు వారు దోషులవలె నిలుచుండిరి. చదువు లేకుండుట వారి తప్పు కాదు. చదువు అందకుండ చేసినది లోకము. రియోలోను అట్లే. బంతి కాలితో ఆడునది. గోలు వేయుటకు కలము అక్కరలేదు. అయినను ఆటకు ముందు పత్రముమీద సంతకము చేసి, వివరములు పూరింపలేనివాడు ఆడరాదనిరి. ఈ నియమము పైకి చదువుమీద గౌరవమువలె కనబడును. లోపల అది తలుపునకు వేసిన గడియ.

మారియో ఫిల్యో యను పత్రికారచయిత 1947లో బ్రెజిల్ ఫుట్‌బాలులో నల్లవారి చరిత్రను గూర్చి పుస్తకము వ్రాసెను. వాస్కోవారు తమ ఆటగాండ్రకు అక్షరములు నేర్పించిరనియు, పాస్కోవాల్ అను నతడు తన ఇంటిపేరు వ్రాయుట కష్టమగుటచేత సిల్వా యను చిన్న పేరు పెట్టుకొనెననియు అతడు చెప్పెను. తెల్లవారుజామున పరుగులు తీసి, పగలు పనిచేసి, రాత్రి పలకమీద తమ పేరు దిద్దుకొన్న ఆ పెద్ద పెద్ద మనుష్యులను తలచుకొన్నప్పుడు నవ్వు రాదు, మనసు కరగును.

అంతటితో తీరలేదు. క్రొత్త సమాజమువారు విచారణ జరిపి, వాస్కో ఆటగాండ్రలో పండ్రెండుగురు తగనివారని తేల్చిరి. ఆ పండ్రెండుగురిని తొలగించినచో వాస్కో సంఘమును తమలో చేర్చుకొందు మనిరి. మన మాటలలో చెప్పవలెనన్న, మీలో పండ్రెండుగురిని వెలివేయుడు, మిగిలినవారిని మా పంక్తిలో కూర్చుండనిత్తుము అనుటయే. ఆ సంఘపు పెద్దల స్థితిని ఊహింపుడు. ఎన్నాళ్ళుగనో గొప్పవారి ప్రక్కన కూర్చుండవలెనని వారి యాశ. అది చేతికందినది. వెల యేమి? పండ్రెండుగురు బీద కుఱ్ఱవాండ్రు. వారిని తీసివేసినచో అడుగువారు లేరు. వేరు ఆటగాండ్రు దొరకకపోరు.

1924 ఏప్రిల్ 7వ తేదీన వాస్కో అధ్యక్షుడు జోజె అగుస్తో ప్రెస్తెస్ ఆర్నాల్దో గింలెకు ఒక జాబు వ్రాసెను. ఒక్క కాగితమున ఇమిడిన చిన్న జాబది. దాని సారాంశమును నా మాటలలో చెప్పెదను. క్రొత్త సమాజమున కొన్ని సంఘములకు అధికారములు ఎక్కువగ నిచ్చి, మమ్ము తక్కువవారిగ నిలిపితిరి. మా మైదానము చాలదనుట, మా కచేరి సామాన్యమనుట, మా సభ్యులలో పలువురి స్థితిగతులు మీకు నచ్చకుండుట ఇందులకు కారణములుగ కనబడుచున్నవి. మా పండ్రెండుగురు ఆటగాండ్రను గూర్చి, వారి మాటను వినకయే, వారి తరపున ఒకరిని నిలుపకయే విచారణ చేసితిరి. ఆ పద్ధతికి మేము సమ్మతింపము. వారు మా సంఘమునకు విజయము తెచ్చిన యువకులు. ఇప్పుడిప్పుడే జీవితమున అడుగు పెట్టుచున్నారు. మీలో చేరు కోరికకై వారిని బలియిచ్చుట మర్యాద గల పని కాదని మీరే యొప్పుకొందురు. వారికి మచ్చ తెచ్చు పనిని, వారిని ఆదరించిన ఈ యింటివారు చేయరు. కావున మీ సమాజమున చేరుట మానుకొనుచున్నాము.

జాబు ఇంతే. అందు తిట్టు లేదు, బెదరింపు లేదు. నలుపు తెలుపు అను మాటయే లేదు. ఆ దేశమున నాడు వర్ణభేదమును నోటితో చెప్పుకొనెడివారు కారు. వృత్తి, చదువు, మర్యాద యను పేర్లతో పాటించెడివారు. ప్రెస్తెస్ కూడ అదే మర్యాదభాషలో జవాబు చెప్పెను. కాని చదివినవారికి తెలిసెను. బ్రెజిల్ దేశమున నేటికిని దానిని చారిత్రకమైన జవాబని పిలుచుచున్నారు.

ఆ సంవత్సరము రియోలో రెండు పందెములు వేరు వేరుగ జరిగెను. వాస్కోవారు చిన్న సంఘములతోనే పాత లీగులో నిలిచి, ఓటమి లేకుండ గెలిచిరి. గొప్పవారి పందెమునకు పేరుండెను గాని, వాస్కో ఆటలకు వచ్చునంత జనము లేకపోయిరి. జనము రానిచో టిక్కెట్ల డబ్బు రాదు. ఒక యేడు గడచునప్పటికి గొప్ప సంఘములకు కనువిప్పు కలిగెను. 1925లో వాస్కో సంఘమును, ఆ సంఘపు ఆటగాండ్రతో సహా, తమలో చేర్చుకొనిరి. న్యాయము కొంత, లాభము కొంత కలసి ఆ తలుపు తెరచెను. లోకములో పెక్కు తలుపులు ఇట్లే తెరవబడుచుండును.

ఇక మైదానము లేదను నింద మిగిలెను. దానికి వారు మాటలతో జవాబు చెప్పలేదు, ఇటుకలతో చెప్పిరి. నగరమున సావ్ క్రిస్టోవావ్ పేటలో స్థలము కొని, సభ్యులను పదివేలమందిని చేర్చవలెనని ఉద్యమము నడపిరి. ఉన్నవాడు ఎక్కువయు, లేనివాడు తక్కువయు ఇచ్చెను. గుమాస్తాలు, కూలీలు, కాఫీ దుకాణములవారు చందాలు వేసికొనిరి. ప్రభుత్వము కట్టి యిచ్చినది కాదది. 1926 జూన్ 6వ తేదీన శంకుస్థాపన చేసి, పది నెలలలో పని ముగించి, 1927 ఏప్రిల్ 21వ తేదీన తెరచిరి. దేశాధ్యక్షుడు వాషింగ్టన్ లూయిస్ ఆ యుత్సవమునకు వచ్చెను. ఆనాటి యాటలో సాంతోస్ అను సంఘము ఐదు గోళ్ళకు మూడుతో వాస్కోవారిని ఓడించెను. గృహప్రవేశము నాడు ఇంటివారు ఓడిరి. అయినను ఎవరి ముఖమునను ఆ దుఃఖము నిలువలేదు. సావ్ జనువారియో యని జనులు పిలుచు ఆ ఆటస్థలము దక్షిణ అమెరికా ఖండమున నాటికి అన్నిటికన్న పెద్దది. మైదానము లేదని వెలివేయబడినవారి మైదానమునకు, వెలివేసినవారే ఆడుటకు రావలసి వచ్చెను.

ఆ స్థలము ఆటలకు మాత్రమే కాక ప్రజల సభలకును నెలవయ్యెను. సంగీతకర్త విల్లా లోబోస్ వేలకొలది బడిపిల్లలచేత అచ్చట ఏకకంఠముగ పాడించెను. 1940 మే 1వ తేదీన దేశాధ్యక్షుడు జెతూలియో వర్గాస్ ఆ మైదానముననే కార్మికుల యెదుట నిలిచి, కనీస కూలి శాసనమును ప్రకటించెను. వర్గాస్ నిరంకుశుడు, సభలు పొగడ్తల కొరకును జరుపువాడే. అయినను కూలివాని జీతమును గూర్చిన శాసనము, కూలీల చందాలతో లేచిన కట్టడమున వినబడుట తగియున్నది.

1933లో రియోలో ఫుట్‌బాలును జీతమునకు ఆడుట న్యాయసమ్మతమైనది. పదేండ్ల క్రిందట నేరమనబడినదియే వృత్తి యయ్యెను. బంతితో కూడు సంపాదించుకొనుట సిగ్గు కాదని దేశమొప్పుకొన్న తరువాత, నల్లవారిని ఆపగల నియమ మేదియు మిగులలేదు. 1938 ప్రపంచపు పోటీలలో అందరికంటె ఎక్కువ గోళ్ళు వేసిన లియోనిదాస్ నల్లవాడు. అతడును, గొప్ప రక్షకుడైన దొమింగోస్ డ గియాయు 1934లో వాస్కో చొక్కా తొడిగినవారే.

తరువాతి కాలములో సంఘమునకు వైభవము వచ్చెను. 1945, 1947, 1949 సంవత్సరములలో ఒక్క యాటయు ఓడక రియో పందెము గెలిచిరి. జనులు ఆ జట్టును విజయపు రైలుబండి యనిరి. 1948లో చిలీ దేశపు సాంతియాగో నగరమున దక్షిణ అమెరికా విజేతల పోటీ జరుగగా, అచ్చటను ఓటమి లేక ప్రథములైరి. కాని ఆ వైభవమునకు వెనుకనే యొక కన్నీటి కథ కలదు. 1950 జులై 16వ తేదీన ప్రపంచపు పోటీ కడపటి యాటలో బ్రెజిల్ జట్టు సొంత నగరముననే యురుగ్వే చేతిలో రెండు గోళ్ళకు ఒకటితో ఓడెను. నాటి జట్టులో ఐదుగురు వాస్కోవారు. గోలు కాచిన బర్బోసా నల్లవాడు. దేశమంతయు నేరమును అతని నెత్తిన వేసెను. తమ దేశమున ఎట్టి నేరమునకైనను ముప్పదియేండ్లకు మించిన శిక్ష లేదనియు, తాను ఏబదియేండ్లు అనుభవించితి ననియు అతడు వార్ధక్యమున వాపోయెను. 2000వ సంవత్సరమున కన్నుమూసెను. జాబు వ్రాసి పండ్రెండుగురిని కాపాడవచ్చును. ఒక దేశపు మనసును మార్చుటకు ఒక జాబు చాలదు.

మిగిలిన చరిత్రను త్వరగ చెప్పెదను. బ్రెజిల్ దేశపు పోటీలో వారు 1974, 1989, 1997, 2000 సంవత్సరములలో గెలిచిరి. నూరేండ్లు నిండిన 1998లో దక్షిణ అమెరికా మహాపోటీ గెలిచిరి. అటుపిమ్మట చెడ్డ దినములు వచ్చెను. అప్పులు పెరిగెను, 2008, 2013, 2015, 2020 సంవత్సరపు పోటీలలో నాలుగుమార్లు క్రింది తరగతికి జారిరి. ఓడినను జనము విడువలేదు. 2023లో అల్లరి జరుగగా సావ్ జనువారియోలోనికి కొన్ని మాసములు ప్రేక్షకులను రానీయలేదు. ప్రక్కనున్న బీదల పేటలో చిరుతిండ్లు అమ్ముకొనువారు ఆ మాసములలో జీవనము లేక అలమటించిరి. తమ పేట బీదది యగుటచేతనే తమ్ము చులకనగ చూచిరని అచ్చటివారు మొరపెట్టిరి. నూరేండ్లు గడచినను ఆ పాత వాసన పూర్తిగ పోలేదన్నమాట.

కొందరు విమర్శకులు ఒక మాట యందురు: ఆ వర్తకులు ధర్మాత్ములేమియు కారు, గెలుపు కొరకే నల్లవారిని చేర్చుకొనిరి, జాబు వ్రాసినదియు మంచి ఆటగాండ్రను పోగొట్టుకొన లేకయే యని. ఇందు కొంత నిజమున్నదని నే నొప్పుకొందును. మనుష్యుల పనులలో స్వార్థము నీళ్ళలో ఉప్పువలె కలిసియే యుండును. కాని ఒక్కటి యడిగెదను. గెలుపే వారికి సర్వమైనచో, ధనమున్న వారికి వేరు పండ్రెండుగురు దొరకరా? గొప్పవారి పంక్తిని కాదని చిన్న సంఘములతో ఒక యేడు గడుపుట వలన వారికి చేకూరిన లాభమేమి? తమకు మేలు చేసినవానిని, మేలు తీరిన తరువాత, పదిమంది యెదుట విడిచిపెట్టకుండుటయే మర్యాద. ఆ మర్యాదను వారు నిలిపిరి.

మన యూళ్ళలోను సంఘములు కలవు, సభలు కలవు, పంక్తులు కలవు. ఎవనినో యొకని వెలుపల ఉంచినచో మిమ్ము లోపలికి రానిత్తుమని అడుగువారు ఎప్పుడును ఉందురు. వారు కోపముతో అడుగరు. మర్యాదగనే, నియమము చూపియే అడుగుదురు. అప్పుడు పెద్దలు చెప్పు జవాబును బట్టి ఆ యూరి పేరు నిలుచును.

వాస్కో డ గామా యను పేరు మన తీరమున అగ్గిని, దుఃఖమును తలపించును. ఆ పేరే మరియొక తీరమున బీదవానికి ధైర్యము నిచ్చుచున్నది. పేరు పెట్టినవారు ఒకరు. ఆ పేరునకు అర్థము కల్పించినవారు పండ్రెండుగురు ఆటగాండ్రును, వారిని విడువని పెద్దలును. ఆ జాబునకు 2024 ఏప్రిల్ నాటికి నూరేండ్లు నిండెను. పొగడ్త కొరకు కాక, జ్ఞాపకము కొరకు ఈ కథ మీకు వినిపించితిని. సెలవు.